యూనిట్ – 9 : నిశ్శబ్దంగా పనిచేసే ఓవర్‌క్లాకింగ్ ఫోటో ఎడిటింగ్ కంప్యూటర్‌కు మదర్‌బోర్డు ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 ఫోటో ఎడిటింగ్ కంప్యూటర్‌పై మోపే భారం
9.3 ఓవర్‌క్లాకింగ్ – వేగం, వోల్టేజి, వేడి
9.4 సాకెట్, చిప్‌సెట్
9.5 విద్యుత్ నియంత్రణ విభాగం
9.6 నిశ్శబ్దానికి మదర్‌బోర్డు తోడ్పాటు
9.7 మెమరీ, నిల్వ సౌకర్యాలు
9.8 స్థిరత్వం – ఫోటోల భద్రత
9.9 ఎంపిక విధానం – ఒక ఉదాహరణ
9.10 సారాంశం
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా సమాధానాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.13 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• ఫోటో ఎడిటింగ్ పనులు ప్రాసెసర్, మెమరీ, నిల్వ పరికరాలపై ఎలాంటి భారం మోపుతాయో వివరించగలుగుతారు.
• ఓవర్‌క్లాకింగ్‌లో వేగం కంటే వేడి ఎందుకు ఎక్కువగా పెరుగుతుందో లెక్క వేసి చూపగలుగుతారు.
• మదర్‌బోర్డు మీది విద్యుత్ నియంత్రణ విభాగం పనితీరును, దానికీ ఫ్యాన్ల శబ్దానికీ ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• అస్థిరమైన కంప్యూటర్ వల్ల ఫోటో ఫైళ్లకు కలిగే ప్రమాదాన్ని, దాన్ని నివారించే పద్ధతులను తెలుపగలుగుతారు.
• ఒక నిర్దిష్ట అవసరానికి తగిన మదర్‌బోర్డును వరుస క్రమంలో ఎంచుకోగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ప్రాసెసర్, మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాలన్నిటినీ కలిపి ఉంచే పలక మదర్‌బోర్డు. దుకాణంలో మదర్‌బోర్డులను చూసినప్పుడు రంగుల దీపాలు, మెరిసే లోహపు పలకలు, పెట్టె మీద పెద్ద అక్షరాలు మన దృష్టిని ఆకర్షిస్తాయి. ఖరీదైన బోర్డు కొంటే కంప్యూటర్ వేగంగా పనిచేస్తుందని చాలామంది భావిస్తారు. ఈ భావన సరైనది కాదు. ఒకే ప్రాసెసర్‌ను రెండు వేర్వేరు ధరల బోర్డులలో అమర్చినా, రెండింటిలోనూ దానికి కావలసిన విద్యుత్తు సక్రమంగా అందుతున్నంతవరకు పని పూర్తయ్యే సమయంలో తేడా చాలా స్వల్పంగానే ఉంటుంది.

మరి మదర్‌బోర్డు ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? మనం ఇక్కడ కోరుకుంటున్నవి మూడు: కంప్యూటర్ వేగంగా ఉండాలి, చప్పుడు చేయకూడదు, ఫోటోలు చెడిపోకూడదు. మొదటి రెండు కోరికలు పరస్పర విరుద్ధమైనవి. వేగం పెంచితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి. ఈ రెండింటినీ బలవంతంగా కలిపి సాధించాలని చూస్తే మూడో కోరిక దెబ్బతింటుంది. ఈ మూడింటి మధ్య సమతుల్యం కుదిర్చే చోటు మదర్‌బోర్డు. కాబట్టి ఎక్కువ వేగాన్ని వాగ్దానం చేసే బోర్డు కంటే తక్కువ వేడితో విద్యుత్తును అందించేదీ, ఫ్యాన్లను మన అదుపులో ఉంచేదీ, నమ్మకంగా పనిచేసేదీ మనకు తగిన బోర్డు. ఈ యూనిట్ అంతటా ఇదే సూత్రాన్ని వివరంగా పరిశీలిస్తాం.

9.2 ఫోటో ఎడిటింగ్ కంప్యూటర్‌పై మోపే భారం

బోర్డును ఎంచుకునే ముందు పని స్వభావాన్ని తెలుసుకోవాలి. ఫోటో ఎడిటింగ్‌లో కంప్యూటర్‌పై పడే భారం ప్రధానంగా మూడు రకాలు.

ఎ) క్షణకాలపు భారం: బ్రష్‌తో ముఖం మీది మచ్చను తొలగించడం, స్లయిడర్‌ను జరిపి వెలుతురు సరిచేయడం వంటి పనులు. ఇవి ఎక్కువగా ఒకటి రెండు కోర్ల వేగంపై ఆధారపడతాయి. ప్రాసెసర్ ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుని, మరుక్షణం ఖాళీగా ఉంటుంది.

బి) నిరంతర భారం: లైట్‌రూమ్‌లో వందలాది ఫోటోలను జేపెగ్‌లుగా మార్చి బయటకు తీయడం. ఇందులో అన్ని కోర్లూ చాలాసేపు పనిచేస్తాయి. వేడి, శబ్దం సమస్యలు ఈ దశలోనే బయటపడతాయి.

సి) మెమరీ భారం: ఫోటోషాప్‌లో అనేక లేయర్లతో పనిచేయడం, కొన్ని ఫోటోలను అతికించి విశాల దృశ్యంగా మార్చడం.

మెమరీ భారాన్ని లెక్క వేసి చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫోటోలో 2.4 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలు. 16 బిట్ల పద్ధతిలో ఒక్కొక్క విలువకు 2 బైట్లు కావాలి.

2.4 కోట్లు × 3 × 2 = 14.4 కోట్ల బైట్లు, అంటే సుమారు 144 మెగాబైట్లు.

ఇది ఒక్క పూర్తి లేయర్‌కు మాత్రమే. పది లేయర్లు ఉంటే 1.4 గిగాబైట్లు దాటుతుంది. వెనక్కి వెళ్లడానికి దాచుకునే పాత దశలు దీనికి అదనం. అందువల్ల ఈ పనికి 32 గిగాబైట్ల మెమరీ కనీస అవసరమనీ, 64 గిగాబైట్లు సౌకర్యవంతమనీ భావించవచ్చు.

లైట్‌రూమ్‌లోని కృత్రిమ మేధతో గ్రెయిన్ తగ్గించే సాధనం వంటివి గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడతాయి. కాబట్టి బోర్డులో ఒక మంచి గ్రాఫిక్స్ స్లాట్ ఉంటే సరిపోతుంది. రెండు మూడు గ్రాఫిక్స్ స్లాట్లు ఈ పనికి అనవసరం.

9.3 ఓవర్‌క్లాకింగ్ – వేగం, వోల్టేజి, వేడి

ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన పరిమితికి మించిన వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ప్రాసెసర్ వేగం రెండు సంఖ్యల లబ్ధం. మూల గడియారం సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది. దానిని గుణకంతో హెచ్చిస్తే అసలు వేగం వస్తుంది. గుణకం 50 అయితే వేగం 5,000 మెగాహెర్ట్జ్, అంటే 5 గిగాహెర్ట్జ్.

వేగం పెంచినప్పుడు ప్రాసెసర్ తడబడకుండా ఉండాలంటే తరచుగా వోల్టేజిని కూడా పెంచాల్సి వస్తుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రాసెసర్ లోపల స్విచ్చింగ్ వల్ల ఖర్చయ్యే విద్యుత్తు ఈ కింది సంబంధాన్ని అనుసరిస్తుంది:

విద్యుత్ ఖర్చు ∝ వోల్టేజి² × వేగం

ఉదాహరణకు, అన్ని కోర్ల వేగాన్ని 5.0 నుంచి 5.25 గిగాహెర్ట్జ్‌కు, అంటే 5 శాతం పెంచామనుకుందాం. అందుకోసం వోల్టేజిని 8 శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం.

1.05 × 1.08 × 1.08 = 1.22 (సుమారుగా)

అంటే 5 శాతం వేగం కోసం 22 శాతం అదనపు వేడిని భరించాలి. గంట పట్టే ఎక్స్‌పోర్ట్ పని సుమారు 57 నిమిషాలలో పూర్తవుతుంది. మూడు నిమిషాల ఆదా కోసం గంటసేపు ఫ్యాన్ల హోరు వినాలా అనేది ఆలోచించాల్సిన విషయం.

ఒకప్పుడు ఓవర్‌క్లాకింగ్ వల్ల లాభం ఎక్కువగా ఉండేది. 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7‑2600కె ప్రాసెసర్ మూల వేగం 3.4, గరిష్ఠ టర్బో వేగం 3.8 గిగాహెర్ట్జ్. దానిని చాలామంది 4.5 గిగాహెర్ట్జ్ దాకా నడిపారు. నేటి ప్రాసెసర్లు తమ శక్తిలో ఎక్కువ భాగాన్ని తయారీ స్థాయిలోనే వాడుకుంటున్నాయి. చల్లదనం, విద్యుత్తు అందుబాటులో ఉన్నంతమేరకు వేగాన్ని అవే పెంచుకుంటాయి.

అందువల్ల నిశ్శబ్దం కోరుకునేవారికి నేడు అనువైన పద్ధతి వేరే ఉంది. మొదట ప్రాసెసర్ ఖర్చు చేయగల విద్యుత్తుకు ఒక పరిమితి విధించాలి. తరవాత ప్రతి వేగానికీ ప్రాసెసర్ తీసుకునే వోల్టేజిని జాగ్రత్తగా కొంచెం కొంచెం తగ్గించాలి. అప్పుడు అదే విద్యుత్తుతో, అదే వేడితో ఎక్కువ వేగం లభిస్తుంది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ఈ సర్దుబాటుకు 'కర్వ్ ఆప్టిమైజర్' అనే సౌకర్యం ఉంది. ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిచేసే క్షణకాలపు భారంలో మొత్తం విద్యుత్ ఖర్చు తక్కువే కాబట్టి, ఆ గరిష్ఠ వేగాన్ని 100 లేదా 200 మెగాహెర్ట్జ్ పెంచినా శబ్దం పెద్దగా పెరగదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. 45 మెగాపిక్సెల్ ఫోటోకు, 16 బిట్ల పద్ధతిలో, ఒక పూర్తి లేయర్‌కు ఎంత మెమరీ కావాలి?
2. వేగాన్ని 10 శాతం, వోల్టేజిని 10 శాతం పెంచితే విద్యుత్ ఖర్చు సుమారుగా ఎంత పెరుగుతుంది?

9.4 సాకెట్, చిప్‌సెట్

ప్రాసెసర్‌ను అమర్చే చోటును సాకెట్ అంటారు. సాకెట్ సరిపోకపోతే ప్రాసెసర్ అమరదు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ ఏఎం5 సాకెట్ డీడీఆర్5 మెమరీతో మాత్రమే పనిచేస్తుంది. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లు వాడే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో కొన్ని బోర్డులు డీడీఆర్4ను, కొన్ని డీడీఆర్5ను తీసుకుంటాయి. ఒకదానికి ఉద్దేశించిన స్లాట్‌లో మరొకటి అమరదు. కాబట్టి పాత మెమరీని తిరిగి వాడాలనుకునేవారు ఈ విషయాన్ని ముందే సరిచూసుకోవాలి.

ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది చిప్‌సెట్ నిర్ణయిస్తుంది.

ఇంటెల్: ప్రాసెసర్ పేరు చివర 'కె' అక్షరం, బోర్డు మీద 'జెడ్' శ్రేణి చిప్‌సెట్ – ఈ రెండూ ఉంటేనే ప్రాసెసర్ గుణకాన్ని పెంచవచ్చు. ఉదాహరణకు జెడ్690, జెడ్790. 'బీ' శ్రేణిలో బీ560, బీ660, బీ760 మెమరీ వేగాన్ని పెంచనిస్తాయి కాని ప్రాసెసర్ గుణకాన్ని పెంచనివ్వవు.

ఏఎండీ: బీ650, ఎక్స్670, వాటి 'ఈ' రకాలు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతిస్తాయి. ఏ620 చిప్‌సెట్ అనుమతించదు. తరవాత వచ్చిన బీ840 పేరులో 'బీ' అక్షరం ఉన్నా ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి లేదు. అందువల్ల పేరులోని అక్షరాన్ని మాత్రమే చూసి నిర్ణయించకూడదు.

ఎక్స్670 బోర్డులో చిప్‌సెట్ చిప్పులు రెండు ఉంటాయి. బీ650లో ఒక్కటే ఉంటుంది. రెండో చిప్పు వల్ల అదనంగా డిస్కులు, యూఎస్‌బీ పరికరాలు కలుపుకోవచ్చు. అయితే అది ప్రాసెసర్ వేగాన్ని పెంచదు. అంతేకాక, కొంత అదనపు వేడిని కలిగిస్తుంది.

9.5 విద్యుత్ నియంత్రణ విభాగం

కంప్యూటర్ పవర్ సప్లయ్ నుంచి బోర్డుకు 12 వోల్టులు అందుతాయి. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1 నుంచి 1.4 వోల్టులు మాత్రమే. ఈ మార్పిడి చేసే భాగాన్ని వోల్టేజి రెగ్యులేటర్ మాడ్యూల్, సంక్షిప్తంగా వీఆర్‌ఎం అంటారు. ఇది ప్రాసెసర్ సాకెట్ చుట్టూ ఉంటుంది. ఇందులో వేగంగా తెరుచుకుని మూసుకునే మాస్‌ఫెట్లు, చిన్న ఘనాల్లా కనిపించే చోక్ కాయిల్స్, కెపాసిటర్లు ఉంటాయి. ఒక చోక్, దానికి సంబంధించిన మాస్‌ఫెట్లు కలిసి ఒక 'ఫేజ్' అవుతాయి.

వోల్టేజి తగ్గినప్పుడు అదే వాటేజికి కరెంటు పెరుగుతుంది. ప్రాసెసర్ 1.2 వోల్టుల వద్ద 180 వాట్లు వాడుతోందనుకుంటే:

180 ÷ 1.2 = 150 ఆంపియర్లు

ఇంత కరెంటును ఫేజులు పంచుకుంటాయి. కరెంటు ప్రవహించే దారిలో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక్కో ఫేజ్ నిరోధం 4 మిల్లీ ఓమ్‌లు అనుకుని రెండు బోర్డులను పోల్చుదాం.

6 ఫేజుల బోర్డు: ఒక్కో ఫేజ్‌లో 25 ఆంపియర్లు. వృథా 25 × 25 × 0.004 = 2.5 వాట్లు. మొత్తం 15 వాట్లు.

12 ఫేజుల బోర్డు: ఒక్కో ఫేజ్‌లో 12.5 ఆంపియర్లు. వృథా సుమారు 0.625 వాట్లు. మొత్తం 7.5 వాట్లు.

ఫేజులు రెట్టింపయితే ఈ రకమైన వృథా సగానికి తగ్గింది. స్విచ్చింగ్ వల్ల కలిగే నష్టం దీనికి అదనం. ఫేజుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ నష్టం కూడా కొంత పెరుగుతుంది. కాబట్టి ఫేజులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదని అనుకోకూడదు. ఫేజుల సంఖ్యతోపాటు మాస్‌ఫెట్ల నాణ్యత, వాటిపై నిజమైన హీట్‌సింక్ ఉందా అనేవి చూడాలి. పలుచని అలంకరణ పలక హీట్‌సింక్‌తో సమానం కాదు. బరువు, గాలి దూరే రెక్కలు ఉన్న లోహపు దిమ్మ అసలైన హీట్‌సింక్.

తెలుగు ప్రాంతాలలో వేసవిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. హీట్‌సింక్ ఏ వస్తువునూ గది ఉష్ణోగ్రత కంటే చల్లగా చేయలేదు. వీఆర్‌ఎం గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో అది 75 డిగ్రీల వద్ద ఉంటుంది. ఏసీ లేని 40 డిగ్రీల గదిలో అదే 90 డిగ్రీలకు చేరుతుంది. చల్లని దేశాలలో పరీక్షించి రాసిన సమీక్షలు చదివేటప్పుడు గది ఉష్ణోగ్రత ఎంతో చూసి ఈ తేడాను కలుపుకోవాలి.

9.6 నిశ్శబ్దానికి మదర్‌బోర్డు తోడ్పాటు

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. సుమారు 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్లు అనిపిస్తుంది. ఫ్యాన్ల విషయంలో రెండు ఉజ్జాయింపు సూత్రాలు ఉపయోగపడతాయి.

ఎ) ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి ప్రవాహం సగమవుతుంది, శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది.
బి) ఒకే రకమైన రెండు ఫ్యాన్లు కలిసి తిరిగితే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది.

ఈ రెండింటినీ కలిపి చూద్దాం. ఒక ఫ్యాన్‌ను 1,600 చుట్ల వేగంతో తిప్పే బదులు, అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి 800 చుట్లతో తిప్పితే గాలి దాదాపు అంతే వస్తుంది. శబ్దం మాత్రం 15 – 3 = 12 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే నిశ్శబ్దానికి ఎక్కువ సంఖ్యలో పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరగాలి. అందుకు బోర్డు మీద తగినన్ని ఫ్యాన్ కనెక్టర్లు ఉండాలి. ఈ అవసరాన్నిబట్టి బోర్డులో ఈ కింది అంశాలను పరిశీలించాలి.

1. కనీసం ఐదు, వీలైతే ఆరు నాలుగు‑పిన్నుల ఫ్యాన్ కనెక్టర్లు. మూడు‑పిన్నుల ఫ్యాన్లను కూడా వోల్టేజి ద్వారా నియంత్రించగలిగితే మరీ మంచిది.

2. ప్రతి కనెక్టర్‌కు విడిగా ఉష్ణోగ్రత ఆధారాన్ని ఎంచుకునే వీలు. క్యాబినెట్ ఫ్యాన్లు ప్రాసెసర్ ఉష్ణోగ్రతను కాక బోర్డు ఉష్ణోగ్రతను అనుసరిస్తే ప్రశాంతంగా ఉంటాయి.

3. ఫ్యాన్ స్పందనను ఆలస్యం చేసే అమరిక. బ్రష్‌తో ఒక్క గీత గీయగానే ప్రాసెసర్ ఉష్ణోగ్రత క్షణంలో పెరిగి తగ్గుతుంది. ఫ్యాన్ ప్రతిసారీ వెంటనే స్పందిస్తే అది పదే పదే హోరెత్తి ఆగుతుంది. ఒకే స్థాయిలో వినిపించే శబ్దం కంటే ఇలా హెచ్చుతగ్గులయ్యే శబ్దం ఎక్కువ చికాకు పెడుతుంది. కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే హీట్‌సింక్ లోహమే ఆ కొద్దిపాటి వేడిని ఇముడ్చుకుంటుంది.

4. బోర్డు మీద చిన్న ఫ్యాన్ లేకపోవడం. 2019లో వచ్చిన ఏఎండీ ఎక్స్570 చిప్‌సెట్ బోర్డులలో చాలావాటికి చిప్‌సెట్‌పై చిన్న ఫ్యాన్ ఉండేది. చిన్న ఫ్యాన్ అదే గాలి కోసం ఎక్కువ వేగంతో తిరగాలి, కీచుమనే ధ్వని చేస్తుంది. 2021లో ఎక్స్570ఎస్ పేరుతో ఫ్యాన్ లేని బోర్డులు వచ్చాయి. పాత బోర్డు కొనేవారు ఈ తేడాను గమనించాలి.

5. ప్రాసెసర్ చుట్టూ ఖాళీ స్థలం. నిశ్శబ్దానికి వాడే పెద్ద టవర్ కూలర్, వీఆర్‌ఎం హీట్‌సింక్‌కూ మెమరీ మాడ్యూళ్లకూ తగలకుండా అమరాలి. ఏటీఎక్స్ బోర్డు కొలతలు 305 × 244 మిల్లీమీటర్లు, మినీ ఐటీఎక్స్ 170 × 170 మిల్లీమీటర్లు. చిన్న బోర్డులో స్థలంతోపాటు ఫ్యాన్ కనెక్టర్లు కూడా తగ్గుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. ప్రాసెసర్ 1.25 వోల్టుల వద్ద 150 వాట్లు వాడితే ఎంత కరెంటు ప్రవహిస్తుంది?
4. ఫ్యాన్ స్పందనను ఎందుకు ఆలస్యం చేయాలి?

9.7 మెమరీ, నిల్వ సౌకర్యాలు

బోర్డు మీద నాలుగు మెమరీ స్లాట్లు ఉన్నంతమాత్రాన నాలుగూ నింపాలని లేదు. డీడీఆర్5లో నాలుగు మాడ్యూళ్లు పెడితే వేగం తగ్గుతుంది. ఏఎండీ ప్రకటించిన వివరాల ప్రకారం రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు రెండు మాడ్యూళ్లతో 5200 వేగాన్ని, నాలుగు మాడ్యూళ్లతో 3600 వేగాన్ని మాత్రమే అధికారికంగా సమర్థిస్తాయి. కాబట్టి 64 గిగాబైట్లు కావాలంటే 16 గిగాబైట్లవి నాలుగు కాకుండా 32 గిగాబైట్లవి రెండు కొనాలి.

మెమరీ పెట్టె మీద రాసిన అధిక వేగం ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ప్రొఫైల్‌ను ఆన్ చేసినప్పుడే లభిస్తుంది. ఇది కూడా ఓవర్‌క్లాకింగే. ఆన్ చేసిన తరవాత మెమరీని తప్పనిసరిగా పరీక్షించాలి.

డిస్కుల విషయంలో రెండు లేదా మూడు ఎం.2 స్లాట్లు కావాలి: ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఒకటి ప్రస్తుత ఫోటోలకు, వీలైతే మరొకటి తాత్కాలిక ఫైళ్లకు. పీసీఐఈ 4.0 ఎన్‌వీఎంఈ డిస్కు సెకనుకు సుమారు 7 గిగాబైట్ల వరకు చదవగలదు. ఫోటోలకు ఇది చాలు. పీసీఐఈ 5.0 డిస్కులు ఎక్కువగా వేడెక్కుతాయి, కొన్నింటికి చిన్న ఫ్యాన్ కూడా ఉంటుంది. ఇది మన ఉద్దేశానికి విరుద్ధం. కొన్ని బోర్డులలో ఒక ఎం.2 స్లాట్ నింపితే కొన్ని శాటా పోర్టులు పనిచేయవు. ఈ వివరం బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. కొనే ముందే తయారీదారు వెబ్‌సైట్ నుంచి మాన్యువల్ తీసుకుని చూడటం మంచిది.

9.8 స్థిరత్వం – ఫోటోల భద్రత

ఓవర్‌క్లాకింగ్ వల్ల కంప్యూటర్ ఆగిపోతే ఆ విషయం మనకు తెలుస్తుంది, మళ్లీ ఆన్ చేసుకుంటాం. అంతకంటే ప్రమాదకరమైనది కనిపించని తప్పు. కెమెరా కార్డు నుంచి ఫోటోలు కాపీ చేసేటప్పుడు అవి మెమరీ గుండా వెళ్తాయి. అక్కడ ఒక్క బిట్ తారుమారైనా డిస్కు మీద చెడిపోయిన ఫైలు రాయబడుతుంది. కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. కార్డు ఖాళీ చేసిన తరవాత ఆ ఫైలే 'అసలు' అవుతుంది. బ్యాకప్‌లోకి కూడా అదే వెళ్తుంది. పెళ్లిలో తలంబ్రాల క్షణాన్ని మళ్లీ తీయలేం కదా. 5 శాతం వేగం కోసం ఇంత నష్టానికి సిద్ధపడటం ఏ వృత్తి ఫోటోగ్రాఫర్‌కూ తగదు.

అమరికలు మార్చిన ప్రతిసారీ పాటించవలసిన జాగ్రత్తలు:

• మెమ్‌టెస్ట్86 వంటి సాధనంతో మెమరీని ఒక రాత్రంతా పరీక్షించాలి. ఒక్క తప్పు వచ్చినా మెమరీ వేగం తగ్గించాలి.
• ప్రైమ్95, ఓసీసీటీ వంటి సాధనాలతో ప్రాసెసర్‌ను కొన్ని గంటలపాటు పరీక్షించాలి. వోల్టేజి తగ్గించినప్పుడు ఒక్కొక్క కోర్‌ను విడిగా పరీక్షించాలి. తప్పులు తరచుగా తక్కువ భారంలోనే బయటపడతాయి.
• కాపీ చేసిన ఫైళ్లను చెక్‌సమ్ ద్వారా కార్డు మీది ఫైళ్లతో పోల్చిన తరవాతే కార్డును ఖాళీ చేయాలి. డీఎన్‌జీ ఫైళ్లు వాడేవారు లైట్‌రూమ్ క్లాసిక్‌లో వాటి సమగ్రతను సరిచూసే సౌకర్యాన్ని ఉపయోగించుకోవచ్చు.

బోర్డు తయారీదారులు ముందుగా పెట్టి ఇచ్చే అమరికలు కూడా ఎల్లప్పుడూ సురక్షితం కావు. 2023 ఏప్రిల్‌లో ఏఎం5 బోర్డులలో కొన్ని రైజెన్ 7000 శ్రేణి ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన సంఘటనలు వెలుగులోకి వచ్చాయి. ఆ తరవాత ఏఎండీ ప్రాసెసర్‌లోని ఎస్‌ఓసీ విభాగపు వోల్టేజి 1.3 వోల్టులు దాటకుండా బయోస్ ద్వారా పరిమితి విధించింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అస్థిరంగా మారాయి. అవసరానికి మించిన వోల్టేజిని కోరే మైక్రోకోడ్ ఒక కారణమనీ, తమ విద్యుత్ మార్గదర్శకాలను మించిన బోర్డు అమరికలు మరొక కారణమనీ ఇంటెల్ ప్రకటించింది. బయోస్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బయోస్ సవరణ బాగుచేయలేదు.

ఈ రెండు ఉదాహరణల నుంచి నేర్చుకోవలసింది ఏమంటే, క్రమం తప్పకుండా బయోస్ సవరణలు అందించే తయారీదారు బోర్డునే ఎంచుకోవాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ ద్వారా బయోస్‌ను మార్చే బటన్ ఉంటే మరింత ఉపయోగం. అలాగే, ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదన్న విషయాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
5. కంప్యూటర్ ఆగిపోవడం కంటే కనిపించని తప్పు ఎందుకు ప్రమాదకరం?

9.9 ఎంపిక విధానం – ఒక ఉదాహరణ

ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఇంట్లోనే రాత్రిపూట ఎడిటింగ్ చేస్తారు. పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటారు. గదికి ఏసీ లేదు. కెమెరా 24 మెగాపిక్సెళ్లది. 12 కోర్ల రైజెన్ 9 7900ఎక్స్ ప్రాసెసర్ ఎంచుకున్నారు. దాని విద్యుత్ పరిమితి మామూలుగా 230 వాట్లు. నాలుగు రకాల బోర్డులు అందుబాటులో ఉన్నాయనుకుందాం.

మొదటి బోర్డు: ఏ620 చిప్‌సెట్. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి లేదు. కాబట్టి తొలగించాలి.

రెండో బోర్డు: బీ650 చిప్‌సెట్, 6 ఫేజులు, వీఆర్‌ఎంలో ఒక వైపు మాత్రమే హీట్‌సింక్, మూడు ఫ్యాన్ కనెక్టర్లు. వేసవిలో నిరంతర భారానికి, నిశ్శబ్దానికి చాలదు.

మూడో బోర్డు: బీ650 చిప్‌సెట్, 12 ఫేజులు, రెండు వైపులా బరువైన హీట్‌సింక్‌లు, ఆరు ఫ్యాన్ కనెక్టర్లు, మూడు ఎం.2 స్లాట్లు, బయోస్ బటన్.

నాలుగో బోర్డు: ఎక్స్670ఈ చిప్‌సెట్, 18 ఫేజులు, ఐదు ఎం.2 స్లాట్లు. ధర మూడోదానికి దాదాపు రెట్టింపు.

వీటిలో మూడో బోర్డు తగినది. నాలుగోది ఇచ్చే అదనపు సౌకర్యాలు ఈ పనికి ఉపయోగపడవు. మిగిలిన డబ్బుతో 64 గిగాబైట్ల మెమరీ, పెద్ద టవర్ కూలర్, బ్యాకప్ డిస్కు కొనవచ్చు. ఫోటోగ్రాఫర్‌కు వీటి ప్రయోజనం చాలా ఎక్కువ.

అమర్చిన తరవాత విద్యుత్ పరిమితిని 230 నుంచి 142 వాట్లకు తగ్గించాలి. ఇది బయోస్‌లోని ఎకో మోడ్‌లో లభించే ఒక స్థాయి. ఆ తరవాత కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజిని మెల్లగా తగ్గిస్తూ, ప్రతి దశలో 9.8లో చెప్పిన పరీక్షలు చేయాలి. పరీక్షలో తప్పు వస్తే ఒక మెట్టు వెనక్కి రావాలి. చివరి అమరికలను బయోస్‌లో ఒక ప్రొఫైల్‌గా భద్రపరచాలి. బయోస్ మార్చినప్పుడు అవి చెరిగిపోయే అవకాశం ఉంది కాబట్టి ఒక కాగితం మీద కూడా రాసుకోవాలి. వేసవి మొదలైనప్పుడు ఈ పరీక్షలను మరోసారి చేయడం మంచిది.

9.10 సారాంశం

మదర్‌బోర్డు స్వయంగా వేగాన్ని ఇవ్వదు. ప్రాసెసర్ వేగాన్ని తక్కువ వేడితో, తక్కువ శబ్దంతో, తప్పులు లేకుండా అందుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. వోల్టేజి వర్గాన్నిబట్టి వేడి పెరుగుతుంది కాబట్టి, వోల్టేజి పెంచి సాధించే వేగం ఖరీదైనది. విద్యుత్తుకు పరిమితి పెట్టి, వోల్టేజిని తగ్గించి సాధించే వేగం నిశ్శబ్దమైనది. ఎంపికలో మొదట పని స్వభావం, తరవాత ప్రాసెసర్, ఆపైన చిప్‌సెట్, వీఆర్‌ఎం, ఫ్యాన్ కనెక్టర్లు, మెమరీ, డిస్కు స్లాట్లు, చివరగా బయోస్ మద్దతు – ఈ క్రమాన్ని పాటించాలి. అమరిక ఏదైనా, పరీక్షించి నిర్ధారించుకున్న తరవాతే అసలు ఫోటోలను ఆ కంప్యూటర్‌కు అప్పగించాలి.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. 4.5 కోట్లు × 3 × 2 = 27 కోట్ల బైట్లు, అంటే సుమారు 270 మెగాబైట్లు.
2. 1.1 × 1.1 × 1.1 = 1.33. కాబట్టి సుమారు 33 శాతం పెరుగుతుంది.
3. 150 ÷ 1.25 = 120 ఆంపియర్లు.
4. ఎడిటింగ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత క్షణక్షణానికీ మారుతుంది. ఆలస్యం లేకపోతే ఫ్యాన్ శబ్దం పదే పదే హెచ్చుతగ్గులై చికాకు కలిగిస్తుంది.
5. కంప్యూటర్ ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. కనిపించని తప్పు వల్ల చెడిన ఫైలే అసలుగా, బ్యాకప్‌గా నిలిచిపోతుంది. మనం గుర్తించేసరికి సరైన ప్రతి ఎక్కడా మిగలకపోవచ్చు.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నిశ్శబ్దంగా పనిచేసే ఫోటో ఎడిటింగ్ కంప్యూటర్‌కు మదర్‌బోర్డును ఎంచుకునే క్రమాన్ని సోదాహరణంగా వివరించండి.
2. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే లాభనష్టాలను లెక్కలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వీఆర్‌ఎం పనితీరును, ఫేజుల ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. ఒక ఫ్యాన్ వేగంగా తిరగడం కంటే రెండు ఫ్యాన్లు నెమ్మదిగా తిరగడం ఎందుకు మేలు?
3. బయోస్ సవరణల అవసరాన్ని ఉదాహరణలతో చెప్పండి.

9.13 పదకోశం

ఓవర్‌క్లాకింగ్: ప్రాసెసర్‌ను లేదా మెమరీని నిర్ణీత పరిమితికి మించిన వేగంతో నడపడం.
చిప్‌సెట్: ప్రాసెసర్‌కూ ఇతర పరికరాలకూ మధ్య అనుసంధానం చేసే, బోర్డు సౌకర్యాలను నిర్ణయించే చిప్పు.
వీఆర్‌ఎం: 12 వోల్టులను ప్రాసెసర్‌కు తగిన తక్కువ వోల్టేజిగా మార్చే విభాగం.
ఫేజ్: వీఆర్‌ఎంలో కరెంటును పంచుకునే ఒక్కొక్క శాఖ.
బయోస్: కంప్యూటర్ ఆన్ చేయగానే బోర్డును సిద్ధం చేసే, దాని అమరికలను దాచుకునే ప్రోగ్రాం.
చెక్‌సమ్: ఫైలులోని సమాచారం మారిందా లేదా అని తెలుసుకోవడానికి లెక్కించే సంఖ్య.